అంతరిక్షానికి సోలాపూర్ కుట్టు

యాభైకి దగ్గరపడిన ఆడమనిషి సినిమా కార్డులు పోగుచేస్తే లోకానికి వచ్చే నష్టమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చీరలు పోగుచేస్తే ఎవరూ ఏమీ అనరు. స్టీలు గిన్నెలు అటక మీద పేర్చి మళ్లీ కిందికి దించకపోయినా అనరు. మా ఆఫీసులో ఒకాయన తనకు వచ్చిన పెళ్లి శుభలేఖలన్నీ దాచుకుంటాడు. ఆయన్ని అందరూ బంధుప్రేమ గల మనిషి అంటారు. నేను అరచేయంత అట్టముక్కల్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుంటే మాత్రం, "మేడం, మీకు చిన్నపిల్లల బుద్ధి ఇంక పోలే" అని నవ్వుతారు. పోనివ్వను అన్నాను. పోగొట్టుకున్నవాళ్ల ముఖాలు రోజూ ఎదురుగా చూస్తూనే ఉన్నాను కదా.

ఈ కార్డుల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఒక సినిమా వస్తే దానిలోని బొమ్మల్ని దళసరి అట్టల మీద అచ్చువేసి అమ్ముతారు. ముందువైపు బొమ్మ, వెనకవైపు నెంబరు, నెంబరు కింద సినిమా పేరు. అన్నీ వరసగా పేర్చుకుంటే సినిమా మొత్తం చేతిలో ఉన్నట్టే. నాది విదేశీ సైన్సు సినిమా. ఇద్దరు చంద్రులున్న ఆకాశం, తోడెవరూ లేని ఒక పిల్ల, ఆ పిల్ల వెంట తిరిగే ఒక ఇనుప మనిషి. ఇలాంటివి ఇష్టపడేవాళ్లకు పేరు చెప్పకుండానే ఏ సినిమానో తెలిసిపోతుంది, ఇష్టపడనివాళ్లకు పేరు చెప్పినా దండగే.

మొదటి కార్డులు నాకు మా నాన్న, మా బాపే తెచ్చాడు. మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం, ఆయన సోలాపూర్‌లో పనిచేసేవాడు. సెలవు దొరికి ఇంటికి వచ్చినప్పుడల్లా బబుల్‌గమ్ పొట్లాలు తెచ్చేవాడు, ఆ పొట్లాల్లో ఈ కార్డులు వచ్చేవి. గమ్ము ఒక పూటలో చప్పబడిపోయేది. కార్డును నేను లెక్కల పుస్తకంలో పెట్టుకుని, పాఠం జరుగుతున్నంతసేపూ రెండో చంద్రుడి మీద ఎవరుంటారో ఆలోచించేదాన్ని. లెక్కలు నాకు అందుకే రాలేదని మా అవ్వ చివరిదాకా అంటూనే ఉంది.

బాపు పని మగ్గం నేయడం కాదు. పువ్వులూ నెమళ్లూ ఉన్న దుప్పట్లు నేసే మగ్గం మీద జకార్డ్ అని ఒక యంత్రం ఉంటుంది. ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండాలో దానికి చెప్పేవి బెజ్జాలు కొట్టిన అట్టలు. ఒక్కో వరసకు ఒక్కో అట్ట. వందల అట్టల్ని నెంబరు ప్రకారం పక్కపక్కన పేర్చి, అంచుల్లోని బెజ్జాలలోంచి దారం పోనిచ్చి, ఒక పొడుగాటి నిచ్చెనలా కుట్టాలి. ఆ కుట్టు మా బాపుది. ఒక్క అట్ట వరస తప్పితే దుప్పటి మీద నెమలి మెడ విరిగిపోతుంది. తన పని గురించి ఆయన నాకు చెప్పింది అంతే. ఇప్పుడు ఎనభై దాటి మంచిర్యాలలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మాటలు తక్కువ. మా ఇంట్లో ఆ లోటు నేను తీరుస్తుంటాను.

పెద్దయ్యాక ఫోన్‌లో ఇలాంటి పిచ్చివాళ్ల గ్రూపు ఒకటి దొరికింది. మార్పిడి చేసుకుంటూ, బతిమాలుకుంటూ, పోట్లాడుకుంటూ నా సినిమా కార్డులన్నీ కూడబెట్టాను. ఒక్కటి తప్ప. నలభై ఒకటో నెంబరు ఎక్కడా లేదు. ఉన్నవాళ్లు ఇవ్వరు. చివరికి ఆదిలాబాద్‌లో బట్టల దుకాణం నడిపే ఒకామె దగ్గర రెండున్నాయని తెలిసింది. ఆమె అడిగింది నా దగ్గర రెండు కాపీలున్న ఏడో నెంబరు, ఇద్దరు చంద్రుల కార్డు. సరే అనుకున్నాం. కానీ పోస్టులో పంపేది లేదని ఖరాఖండిగా చెప్పింది.

"నేనే తెస్త అక్కా," అని వాయిస్ మెసేజ్ పెట్టింది. "నా కార్డు ఎసొంటి ఇంటికి పోతుందో కండ్లార చూసి ఇస్త. నీ సెట్టు గిట్ల మంచిగ లేకుంటె మాత్రం ఇయ్య, ముందుగాలనే చెప్తున్న."

పిల్లనిచ్చే ముందు కూడా ఇంత కచ్చితంగా మాట్లాడరు. అయినా ఆమె నాకు నచ్చింది. వచ్చే ఆదివారం రమ్మన్నాను.

ఆ వారమే మా గోడ అల్మారాకు చెదలు పట్టాయి. సోమవారం పొద్దున వడ్రంగి వచ్చి అన్నీ ఖాళీ చేయమన్నాడు. బట్టలు, పుస్తకాలు, సర్టిఫికెట్లు హాల్లో కుప్ప పోశాం. కార్డుల డబ్బాను మాత్రం ఆ కుప్పలో వేయడానికి ప్రాణం ఒప్పలేదు. ఆఫీసుకు ఆలస్యమవుతోంది. బాపు గదిలోకి వెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను.

"బాపు, గీ డబ్బ జర నీ దగ్గర పెట్టుకో. ఒక్కటి గూడ పోవద్దు. నెంబరు తప్పొద్దు. ఆదివారం దాక నీదే జిమ్మ."

"పోదు, తియ్యి," అన్నాడు. "నేనున్న గద."

ఆ వారమంతా సాయంత్రం ఇంటికి వస్తే టక్ టక్ మని చప్పుడు వినిపించేది. వడ్రంగి శ్రద్ధగా పనిచేస్తున్నాడనుకుని మా ఇంటాయనతో మెచ్చుకున్నాను కూడా. నేను ఎవరినైనా మెచ్చుకోవడం అరుదు కాబట్టి ఇది బాగా గుర్తుంది.

ఆదివారం పొద్దున టేబుల్ మీద ఉతికిన దుప్పటి పరిచి, చేతులు కడుక్కుని ఆరబెట్టుకుని, బాపు గదిలోకి వెళ్లాను. డబ్బా మంచం పక్కనే ఉంది. మూత తీశాను. లోపల కార్డులు లేవు. కవర్లున్నాయి. అన్నీ ఖాళీ కవర్లు, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది.

తల ఎత్తాను. కిటికీ చువ్వ నుంచి మంచం కోడు దాకా నా సినిమా వేలాడుతోంది.

ఒక కార్డు కింద ఇంకో కార్డు, దాని కింద ఇంకొకటి. ప్రతి కార్డుకూ నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బెజ్జాలు. బెజ్జాలలోంచి తెల్లటి నూలు దారం, ఒక పోగు ముందు నుంచి, ఒక పోగు వెనక నుంచి, రెండూ కార్డుకూ కార్డుకూ మధ్య మెలిక పడి. ఆ బెజ్జాలు ఎంత సమానంగా ఉన్నాయంటే, కార్డులు అలాగే అచ్చు అయి వచ్చాయనుకోవాలి. ఒక కార్డులో అంతరిక్ష నౌక తోకలోంచి దారం వచ్చింది. ఇంకో కార్డులో ఆ పిల్ల నెత్తి మీద, సరిగ్గా పాపిట దగ్గర, బెజ్జం.

నాకు నోరు రాలేదు. చాలామందికి అప్పుడప్పుడూ అలా అవుతుందట. నాకు అదే మొదటిసారి. ఇది కల అయితే బాగుండునని మనుషులు అంటుంటే పుస్తకాల మాట అనుకునేదాన్ని. అది నిజంగానే అనుకుంటారు.

బాపు మంచం మీద కూర్చుని నా మొహంలోకే చూస్తున్నాడు. మెప్పు కోసం చూస్తున్నాడని నాకు తర్వాత తట్టింది.

"బాపూ… ఇదేంది?"

"నువ్వు చెప్పిందే," అన్నాడు. "ఒక్కటి పోదు ఇగ. నెంబరు తప్పదు. గుంజి చూడు, భయం లేదు."

"బెజ్జాలు కొట్టినవా?"

"బెజ్జం లేకుంట దారం ఎట్ల పోతది బిడ్డ? సదువుకున్నదానివి."

"వీటిని ముట్టుకోనుగూడ ముట్టుకోరు బాపూ! కవర్లల్ల పెట్టి అంచులు వట్టుకొని చూస్తరు!"

"కవర్లు పారేయలే. ఇలాచీలు, లవంగాలు పోసుకోను పనికొస్తయ్."

మా ఇంటాయన తలుపు దాకా వచ్చి, కిటికీ వైపు చూసి, నా వైపు చూసి, పాలు తేవాలని వెళ్లిపోయాడు. పాలు అప్పటికే స్టవ్ మీద కాగుతున్నాయి.

అప్పుడు నోరు వచ్చింది. వచ్చిందంటే వరదలా వచ్చింది. నన్ను అడగాలని తెల్వదా అన్నాను. ఇన్నేళ్ల కష్టం అన్నాను. ఇవి దుప్పట్ల అట్టలు కావు, వీటితో ఏం నేస్తావు, ఎవరికి కప్పుతావు అన్నాను. ఆయన అన్నీ విన్నాడు.

"ఒక్కటి పోవద్దు, నెంబరు తప్పొద్దు. సోలాపూర్ల సేఠ్ గిదే మాట చెప్పి అట్టల మూట నా ముందల పెట్టేటోడు," అన్నాడు నెమ్మదిగా. "గా మాట అన్నంక చేసేది ఇంకేముంటది? పనోడు మళ్ల పోయి సేఠ్‌ను అడుగుతడా, కుట్టాల్నా వద్దా అని?"

ఆ మాట న్యాయంగానే ఉంది. అందుకే గొంతు ఇంకా పెంచాను. పెంచుతూనే కార్డుల వరస వెంట చూపు పోనిచ్చాను, ఎక్కడైనా ఒక్కటన్నా మిగిలిందేమో అని. మధ్యలో ఒకచోట బొమ్మ లేని అట్ట కనిపించింది. మిఠాయి డబ్బా మూతను సరిగ్గా కొలతకు కోసి, దానికీ నాలుగు బెజ్జాలు కొట్టి, మధ్యలో నలభై ఒకటి అని రాసి ఉంది.

"లేని అట్ట జాగల ఖాళీ అట్ట పెట్టాలె," అన్నాడు బాపు. "అసలుది వచ్చినంక మార్సుకోవచ్చు."

"మరి రెండేసి ఉన్నయ్ గద, అవేవి?"

"ఒకటే నెంబరు రెండుసార్లు వస్తె బొమ్మ కరాబ్ అయితది. రెండోది తీసి దిండు కింద పెట్టిన."

దిండు లాగాను. అన్నీ ఉన్నాయి, ఒక్కదానికీ బెజ్జం లేదు. ఏడో నెంబరు తీసి చూస్తే ఇద్దరు చంద్రులూ నిండుగా మెరుస్తున్నారు. ఊపిరి వచ్చింది. నా సెట్టు పోయినా ఆదిలాబాదామెకు ఇస్తానన్న మాట దక్కుతుంది, మిగతా సంగతి ఆమె దయ. ఆ ఊపిరితోనే కార్డు తిప్పాను.

వెనకవైపు, ఈ మూల నుంచి ఆ మూల దాకా, నీలం బాల్‌పెన్నుతో ఇంటూ మార్కు. అన్నింటి మీదా అంతే.

"రద్దు అట్ట మీద గుర్తు పెట్టకుంటె తెల్వక మళ్ల ఎవడన్న కుడుతడు," అన్నాడు బాపు.

నేను కింద కూర్చున్నాను. కుర్చీ ఉందో లేదో చూడలేదు. లేదు.

రావద్దని చెబుదామని ఆదిలాబాదామెకు ఫోన్ చేశాను. ఘాట్ రోడ్డులో సిగ్నల్ ఉండదు. మళ్లీ మళ్లీ చేశాను. ఫోన్‌లో వచ్చే ఆ రికార్డు గొంతుతో కూడా గొడవ పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి ఆమె వచ్చేసింది. నాకంటే చిన్నది, బక్కపలచని మనిషి, ముక్కుకు పెద్ద పుడక. సంచిలోంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసింది, డబ్బాలోంచి చేతిరుమాలు, రుమాలులోంచి గట్టి ప్లాస్టిక్ పెట్టె. అందులో నలభై ఒకటో నెంబరు. గ్రూపులో మసక ఫోటో చూడటమే తప్ప అసలైనదాన్ని అప్పుడే చూశాను. కొండ అంచు. పైన ఇనుప మనిషి చెయ్యి, కింద పిల్ల చెయ్యి. వెనక ఆకాశం ఎర్రగా ఉంది. చూడగానే అన్నం ముందు కూర్చున్న ఆకలిదానిలా అయిపోయాను.

"ఏదక్కా నీ సెట్టు? టేబుల్ మీద దుప్పటి ఒక్కటే ఉన్నది?"

దాచి లాభం లేదు. గదిలోకి తీసుకుపోయాను. బాపు లేచి నిలబడి నమస్తే పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. పెట్టిన చేతులు అలాగే నోటి మీదికి వెళ్లాయి.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి ఒక్కో కార్డునూ చూసింది, ముట్టుకోకుండా. నేను గోడకు ఆనుకుని జరిగిందంతా చెప్పాను. దిండు కింద కార్డుల వెనక గీతల గురించి కూడా చెప్పాను. ఆమె వింటోందో లేదో తెలియలేదు. ఇంతలో బాపు, "నలభై ఒకటి తెచ్చినవట గద బిడ్డ, జర చూడనియ్యి," అని చెయ్యి చాచాడు. పెద్దమనిషి అడిగితే కాదనలేక పెట్టె తెరిచి ఇచ్చింది.

"అంచులు వట్టుకోండ్రి కాకా."

బాపు రెండు అంచులూ గోళ్ల మధ్య పట్టుకుని ఎంత వాటంగా ఎత్తాడంటే, ఆమెకు ధైర్యం వచ్చింది. ఆయన మంచం మీద కూర్చుని వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

"అక్కా, నేను ఘాట్ దిగి ఇంత దూరం వచ్చిన. గిసొంటి దాంట్లకు నా కార్డు ఇమ్మంటవా? ఇది సెట్టా? ఒక్కొక్క కార్డుకు ఉరి ఏసినట్టున్నది."

ఆ మాట నేనే అనివుండాల్సింది. పొద్దుటి నుంచి అంతకంటే పెద్ద మాటలే అన్నాను. కానీ ఆమె నోట్లోంచి వచ్చేసరికి నాకేమైందో నాకే తెలియదు.

"ఉరేంది?" అన్నాను. "జర ఆలోచించి మాట్లాడు చెల్లె. అది కుట్టు. సోలాపూర్ కుట్టు. గా మెలిక చూసినవా, ఎక్కడన్న ఒక్క తీరు తేడ ఉన్నదా? నీ దుకాణంల దుప్పట్లు అమ్ముతవ్ గద, వాటి మీది పువ్వులు గిట్ల కుట్టినోళ్ల పుణ్యమే."

"పువ్వులు వేరు, కార్డులు వేరు! బెజ్జం పడ్డ కార్డు కార్డే కాదు!"

"ఎవరు చెప్పిండ్రు? గ్రూపోళ్లా? కవర్ల పెట్టి, డబ్బల పెట్టి, అల్మారల పెట్టి, చెదలకు పెడ్తరు. గిట్లయితె కండ్ల ముందన్న ఉంటయ్."

"అయితె పొద్దున నాకు అన్నిసార్లు ఫోన్ ఎందుకు కొట్టినవ్? బస్సు దిగంగనె మిస్డ్ కాల్సే మిస్డ్ కాల్స్. సంబురం పట్టలేకనా?"

నన్ను మాటల్లో ఇలా పట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. లోపల ఒక పక్క, నేనేం వాగుతున్నాను, ఈ కార్డుల కోసమే కదా పొద్దున్నుంచీ గుండె బాదుకుంటున్నాను అని ఆశ్చర్యపోతూనే ఉన్నాను. అయినా వాదన మధ్యలో దిగిపోవడం నా ఒంట్లో లేదు. ఆమె ఒంట్లోనూ లేదు. ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి, మంచానికి వీపు పెట్టి, చేతులు తిప్పుతూ అరుచుకుంటున్నాం.

టక్.

మొదట నాకు వడ్రంగే గుర్తొచ్చాడు. ఆదివారం వడ్రంగి ఎందుకు వస్తాడు?

టక్.

ఇద్దరం ఒక్కసారే తిరిగాం. బాపు ఒళ్లో చెక్కముక్క, చెక్కముక్క మీద నలభై ఒకటో నెంబరు, ఎడంచేతిలో పెన్నంత ఇనుప గొట్టం, కుడిచేతిలో చిన్న సుత్తి. మేము తిరిగేసరికి మూడు మూలలు అయిపోయాయి. మా కళ్ల ముందే నాలుగోది కూడా కొట్టాడు. ఆగమని ఇద్దరం అరిచామనే అనుకుంటున్నాను. ఎర్రటి ఆకాశం రంగులో చిన్న గుండ్రటి అట్టముక్క ఎగిరి నేల మీద పడింది.

ఆమె మొహం తెల్లబడి, తర్వాత కందిపోయింది.

"అరే దేవా! కాకా, హే కాయ్ కేలంత!"

కోపంలో ఆమెకు ఇంటి భాష వచ్చేసింది. ఏం చేశారని అడుగుతోందని ఆ కేకలోనే తెలుస్తోంది. నేను ఆమె కాళ్ల మీద పడాలో, బాపు చేతిలో సుత్తి లాక్కోవాలో తేల్చుకునేలోపు బాపు తల ఎత్తాడు. ఎత్తి, కూర్చో చెబుతానన్నట్టు మంచం అంచు చూపించి, "బస్ బాయి, బస్. సాంగతో," అన్నాడు.

మరాఠీ. తడబాటు లేకుండా, వీధిలో పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు. ఆయనకు రెండు మూడు ముక్కలు వచ్చని తెలుసు. ఇలా వస్తుందని తెలియదు. నాకు తెలిసిన బాపు ముక్తసరిగా మాట్లాడతాడు, మాట మింగేస్తాడు. ఈయన చేతులు తిప్పుతున్నాడు. కనుబొమలు ఎగరేస్తున్నాడు. ఏదో అన్నాడు, ఎదుటి మనిషి నవ్వుతుందేమో అని ఆగి చూశాడు కూడా. ఇంకొకరి తండ్రి మా ఇంట్లో మా బాపు లుంగీ కట్టుకుని కూర్చున్నట్టుంది.

ఆమె మొదట కోపంగానే ఏదో అడిగింది. ఆయన జవాబు చెప్పాడు. ఆమె ఇంకోటి అడిగింది, ఈసారి గొంతు తగ్గింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. ఆయన మాట్లాడుతూనే మిఠాయి డబ్బా అట్టను విప్పి తీసి, నలభై ఒకటిని దాని చోట పెట్టి, దారం నోట తడిచేసి బెజ్జంలోకి పోనిచ్చాడు. ఆమె వంగి ఆ వేళ్లనే చూస్తోంది.

"ఏమంటుండు?" అన్నాను.

"ఆగక్కా."

మా ఇంట్లో నిలబడి నన్ను ఆగమంది. నేను ఆగాను.

చివరికి ఆమె నా వైపు చూసింది. కోపం పోలేదు, కానీ దాని మీద ఇంకేదో వచ్చి చేరింది.

"చెప్పనా? మస్తు ఏండ్లు అట్టలు కుట్టిండంట గద మీ బాపు. వాటి మీద బెజ్జాలు తప్ప ఏమీ ఉండవంట. అది పువ్వు అయితదో, పులి అయితదో కుట్టెటోనికి తెల్వదంట. కుట్టంగనే సేఠ్ మనుషులు మోసుకపోతరంట. గా కార్ఖానల నేసిన దుప్పటి ఒక్కటన్న ఈయన విప్పి చూడలేదంట. బొమ్మ ఉన్న అట్టలు కుట్టుడు గిదే మొదటిసారంట. అందుకే చేతులు ఆగలేదంటుండు."

నేను బాపు వైపు చూశాను. ఆయన ముడి బిగిస్తున్నాడు. దుప్పట్ల మీది నెమళ్ల గురించి చెప్పాడు కదా నాకు, మెడ విరుగుతుందని. చూడని నెమలి మెడ గురించి చెప్పాడన్నమాట. ఇన్నేళ్లలో నాకు చెప్పని సంగతి, కార్డు పాడుచేసినందుకు తిట్టబోతున్న పరాయి మనిషికి, నాకు రాని భాషలో చెప్పాడు. బెజ్జాలు చూసినప్పటికంటే అప్పుడు గట్టిగా తగిలింది నాకు.

"నాకెందుకు చెప్పలే బాపు?"

"నువ్వు బెజ్జాలు ఎందుకు కొట్టినవని అడిగినవ్," అన్నాడు దారం పళ్లతో తెంపుతూ. "ఎట్ల కుడుతరు, ఎన్నేండ్లు కుట్టినవ్ అని ఆమె అడిగింది."

ఆదిలాబాదామె లేచి దిండు పక్కన ఉన్న ఏడో నెంబరు తీసుకుంది. తిప్పి ఇంటూ మార్కు చూసి గట్టిగా నిట్టూర్చింది.

"ముందుదిక్కు మంచిగనే ఉన్నది. ఇదే తీస్కపోత. ఇంకేం జేస్త? నాది గూడ ఇగ దారంల ఇరికె. గీ గీత కనవడ్డప్పుడల్ల మిమ్ముల ఇద్దర్ని తిట్టుకుంట."

"తిట్టుకో," అన్నాను. "నీకు ఇంకా ఏం కావాలన్నా తీసుకో, రెండేసి ఉన్నవన్నీ నీవే."

"అన్నిటి మీద గీతలే గద. ఎవనికి కావాలె?"

అయినా అన్నీ సర్దుకుంది. టిఫిన్ డబ్బాలో అడుగున జొన్నరొట్టెలు, పల్లీల పొడి ఉన్నాయి. నేను వండిన కూరతో అందరం తిన్నాం. తింటున్నంతసేపూ వాళ్లిద్దరూ మరాఠీలోనే మాట్లాడుకున్నారు, మా ఇంటాయన నా వైపు జాలిగా చూశాడు. బస్టాండులో బస్సు ఎక్కుతూ ఆమె, "మీ బాపును ఒకసారి ఆదిలాబాద్ తీస్కరా అక్కా. సుత్తి మాత్రం ఇంట్ల పెట్టి రాండ్రి," అంది. గ్రూపులో ఈ సంగతి పెట్టనని మాట ఇచ్చింది. నేను ఇంటికి చేరేలోపు ఫోటోతో సహా పెట్టేసింది. కింద జనం ఏమేం రాశారో ఇక్కడ రాయను. వాళ్లందరికీ విడివిడిగా జవాబులు ఇస్తూనే ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి బాపు కార్డుల్ని కిటికీ నుంచి విప్పి మంచం మీద పొడుగ్గా పరిచాడు. నా సెట్టు నిండిపోయింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఖాళీ లేకుండా, ప్రతి దానికీ నాలుగు బెజ్జాలతో. గ్రూపు లెక్కలో దానికి ఇప్పుడు ఏ విలువా లేదు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన నలభై ఒకటి మీద వేలు పెట్టాడు.

"గీ ఇనుపాయన మంచోడు. పిల్లను మీదికి గుంజుతుండు."

"గుంజుతలేడు బాపు, చెయ్యి వదిలేస్తుండు. నేను సినిమా చూసిన."

"నువ్వు సినిమా చూసినవ్. నేను అట్ట చూస్తున్న. ఏళ్లు ఎట్ల ముడుసుకున్నయో చూడు. ఇడిసెటోని ఏళ్లు గట్లుంటయా?"

"వదిలేస్తడు. పిల్ల పడిపోతది. నాకు బాగ యాదికున్నది."

"పడిపోతె నలభై రెండుల ఎట్ల కూసున్నది?" తరవాతి కార్డు చూపించాడు. పిల్ల దీపం ముందు కూర్చుని ఉంది.

"అది ఎనకటి సంగతి. ఇనుప మనిషికి యాదికొస్తది. సినిమాలల్ల గట్ల ఎనకకు పోతరు."

"అట్టలు ఎనకకు తిప్పుడంటె నేసింది ఊడదీసుడే బిడ్డ. తప్పు పడ్డప్పుడే ఎనకకు తిప్పుతరు."

నేను కార్డు మీదికి వంగాను. బెజ్జం అంచుకు దగ్గరగా, ఇనుప వేళ్లు. ముడుచుకునే ఉన్నాయా, తెరుచుకుంటున్నాయా? ఆ సినిమా నేను ఒకటికి రెండుసార్లు చూశాను. నాకు తెలుసు. తెలుసనే అన్నాను, గట్టిగా, మళ్లీ. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను ఫోన్ తీసి సినిమా వెతకడం మొదలుపెట్టాను.

"నేను చెప్పిందే నిజమైతె ఏం జేస్తవ్?"

బాపు కళ్లద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుని పెట్టుకున్నాడు, గోడకు దిండు ఆనించుకుని సర్దుకున్నాడు.

"పెట్టు, చూస్త. తప్పు ఉంటె గా సినిమోళ్లదే ఉంటది."